పురికొస పని

అంబాసిడర్ తెచ్చినవాళ్లు నీళ్లు కారుతున్నాయని డాష్‌బోర్డు కింది మూల చూపిస్తారు. నేను ముందు పై మూల చూస్తాను. ముందు అద్దం చుట్టూ ఉన్న రబ్బరు బీడింగ్‌లో పైన ఎక్కడో దూరిన నీరు, ఆ గాడి వెంటే పాకి కిందికి దిగి, సందు దొరికిన చోట బొట్టు కడుతుంది. బొట్టు పడ్డచోటే సీలెంట్ పూసి పంపేస్తే మోకాలు తడవదు నిజమే. కానీ ఆ నీరు గాడిలోనే నిలబడి రేకును తినేస్తుంది. నలభై ఏళ్లకు పైగా అద్దాలు బిగిస్తున్నాను. ఈ పనిలో నన్ను అన్నిటికన్నా బాధపెట్టేది ఇదే: వాన ఆపామనుకుంటూ దాన్ని బండిలోనే దాచిపెట్టడం.

1978లో విజయవాడ ఆటోనగర్‌లో మావయ్య షెడ్డులో చేరేసరికి నాకు పద్నాలుగేళ్లు. నాకు మొదట అప్పజెప్పిన పని దారం లాగడం. బీడింగ్‌ను అడ్డంగా కోసి చూస్తే రెండు గాడులు కనిపిస్తాయి. ఒకదాంట్లో అద్దం, రెండోదాంట్లో బండి రేకు అంచు కూర్చోవాలి. మావయ్య అద్దానికి బీడింగ్ తొడిగి, రేకు పట్టే గాడిలో చుట్టూరా పురికొస పెట్టి, రెండు కొసలూ కింద నడిమికి తెచ్చి ఒకదానిమీద ఒకటి కొంచెం దాటించేవాడు. బట్టల సబ్బు నురగ రాసి, అద్దాన్ని బయటినుంచి చోటుకి ఆనించి అరచేతులతో అదిమేవాడు. నేను లోపల సీటుమీద మోకాళ్లమీద కూర్చుని ఒక కొస పట్టుకుని లాగేవాణ్ణి. దారం వస్తున్న కొద్దీ రబ్బరు పెదవి రేకు అంచు దాటి ఇవతలికి పడేది. ఆయన చెయ్యీ నా దారమూ ఒకే చోట నడవాలి. నేను ముందుకి పోతే పెదవి చిరుగుతుంది, వెనకబడితే మడత పడుతుంది.

"గుంజమాకురా, దాన్నే రానియ్యి" అనేవాడు.

ఒకసారి మూల దగ్గర గుంజాను. చిటుక్కుమని చిన్న చప్పుడు. అద్దం అంచునుంచి వెంట్రుకంత గీత పాకింది. మావయ్య నన్ను ఒక్క మాట అనలేదు. అద్దం దించి, ఆ మూల రేకుమీద నా వేలు పెట్టి రాయించాడు. వెల్డింగు బొడిపె ఒకటి తగిలింది. అప్పట్నుంచి చుట్టూరా రేకు అంచు తడిమి చూడకుండా నేను బీడింగ్ ముట్టుకోలేదు.

దారంతో అద్దం ఎక్కించే ఈ పద్ధతి మావయ్యే కనిపెట్టాడని చిన్నప్పుడు అనుకునేవాణ్ణి. కానీ ఇది బాడీలో స్థిరంగా బిగించే అద్దంతోపాటు వచ్చిన పని. తొలినాళ్ల కార్లలో ముందు అద్దమంటే చట్రంలో బిగించిన బల్లపరుపు గాజు. చాలా బండ్లలో మరలు వదులు చేస్తే వాలిపోయేది. టాపు కాన్వాసు, పక్కలు ఖాళీ. అలాంటి బండిలో అద్దం అంచుకు వాన కారకూడదని ఎవరు పట్టుబడతారు? పైకప్పు రేకు అయ్యి, అద్దం బాడీలోనే స్థిరంగా కూర్చున్నాక గానీ ఆ సందు ఒక సమస్య కాలేదు. 1948లో ఇంగ్లండులో వచ్చిన మోరిస్ మైనర్‌కు కూడా ముందు అద్దం రెండు ముక్కలే, నడుమ ఒక కమ్మీ. 1956లో మైనర్ 1000 వచ్చాక అది ఒకే వంపు అద్దమైంది. అదే ఏడు వచ్చిన మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీసే మన అంబాసిడర్‌కు మాతృక. బెంగాల్‌లోని ఉత్తరపారాలో 1950ల చివర్లో మొదలైన ఆ బండి తయారీ 2014 మేలో ఆగింది. అంతకాలం నడిచింది కాబట్టే మాకూ ఇంతకాలం పని దొరికింది.

గాజు వంగదు, రేకు వంగుతుంది. గోతిలో చక్రం పడ్డప్పుడల్లా బాడీ కాస్త మెలితిరుగుతుంది. ఆ రెండిటి మధ్యా సర్దిచెప్పేది రబ్బరు. గంధకంతో కాచి రబ్బరును గట్టిపరచడం 1839లో ఛార్లెస్ గుడియర్ కనుక్కోబట్టి అది ఎండకు కరక్కుండా నిలిచింది. అయినా సహజ రబ్బరుకు గాలిలోని ఓజోన్ శత్రువు. సాగదీసిన చోటే ముందు పట్టుకుంటుంది. పాత బీడింగ్ మూలల్లో బీటలు పడేది అందుకే. చుట్టు సరిపోలేదని లాగి అతికించిన బీడింగ్ రెండు వేసవులకే మూలల్లో పగులుతుంది, అతుకు దగ్గర నోరు తెరుస్తుంది. మావయ్య కొలతకన్నా కాస్త పొడవే కోసి, నొక్కి కుదించి కూర్చోబెట్టేవాడు. ఈపీడీఎం అనే కృత్రిమ రబ్బరు వచ్చాక బీటలు తగ్గాయి గానీ, సాగదీసే చేతులు తగ్గలేదు.

ఇప్పటి కార్లలో చాలావాటికి అద్దాన్ని జిగురుతో బాడీకే అతికిస్తున్నారు. అద్దం కూడా బాడీ బలంలో భాగమే. మంచి పద్ధతే, కాదనను. ఆ బండ్లకు దారం అక్కర్లేదు, లోపల కూర్చునే కుర్రాడూ అక్కర్లేదు.

మొన్న ఆషాఢంలో ఒకాయన వాళ్ల నాన్నగారి అంబాసిడర్ తెచ్చారు. అద్దం చుట్టూ మూడు రకాల సీలెంట్, పొరమీద పొర. అదంతా గీకి తీసేసరికి సగం పూట అయింది. కింది రేకు అంచు జానెడు మేర పొట్టులా రాలిపోయింది. కోసేసి కొత్త రేకు వేయించి, రంగు ఆరాక బీడింగ్ ఎక్కించాం. లోపల దారం లాగింది మా మనవడు. తర్వాత పైపుతో నీళ్లు కొట్టాను. ముందు కింది అంచు, ఆపైన పక్కలు, చివరికి పై అంచు. ఒక్కసారే అంతటా కొడితే ఎక్కడ కారిందో తెలియదు. వాడు టార్చి పట్టుకుని డాష్‌బోర్డు కింద దూరాడు.

"తాతా, ఇక్కడ ఒక బొట్టు!"

వెళ్లి చూశాను. అది అద్దానిది కాదు. వైపర్ ఇరుసు దగ్గర రబ్బరు వాషరు ఎండిపోయి ఉంది. అది మార్చి, మళ్లీ కింది అంచు దగ్గర్నుంచి నీళ్లు కొట్టడం మొదలుపెట్టాను.