నదికీ ఒక హరీం ఉంది: మూసీ తీర నిబంధనల చరిత్ర

బావి త్రవ్వినవానికి ఆ బావిపైనే కాక, దాని చుట్టూ ఉన్న కొంత నేలపై కూడా హక్కు ఉంటుందని ఇస్లామీయ ధర్మశాస్త్రం చెబుతుంది. ఆ నేలకే ‘హరీం’ అని పేరు. ఇతరులు అందులో మరో బావి త్రవ్వరాదు. నీటి కాలువల విషయంలో హనఫీ ఫఖీహుల మధ్య చర్చ జరిగింది. ఇతరుల భూమిలో పారే కాలువకు, ఆధారం చూపనిదే హరీం లేదని ఇమాం అబూ హనీఫా (రహ్మ) అభిప్రాయపడ్డారు. ఆయన శిష్యులైన ఇమాం అబూ యూసుఫ్, ఇమాం ముహమ్మద్‌లు మాత్రం ఉన్నదన్నారు. కాలువ యజమాని గట్టుపై నడవాలి, పూడిక తీసిన మట్టిని పోసుకోవాలి. చోటు లేకుంటే ఎట్లా అన్నది వారి వాదం. ఉస్మానీ ప్రభుత్వం 1869-1876 మధ్య క్రోడీకరించిన ‘మజల్లా’ పెద్ద నదికి ఇరువైపులా దాని వెడల్పులో సగం చొప్పున హరీం నిర్ణయించింది. నీటికి పారే దారి ఒక్కటే చాలదు, ఆ దారి పనిచేయడానికి పక్క నేల కూడా కావాలన్నదే దీని సారాంశం.

హైదరాబాదులో మూసీ తీరానికి వచ్చిన నిబంధనలు ఫిఖ్హ్ గ్రంథాల నుండి పుట్టినవి కావు. వరద నేర్పిన పాఠం నుండి పుట్టాయి. అయినా చేరిన చోటు ఒక్కటే.

అనంతగిరి కొండల్లో పుట్టే మూసీ ఒడ్డున 1591లో కుతుబ్‌షాహీలు నగరాన్ని నిర్మించారు. మూడు శతాబ్దాల్లో ఇళ్ళు నది అంచుదాకా వచ్చాయి. 1908 సెప్టెంబరు 28న ఆ నది పొంగింది. ఆ సమయంలో శంషాబాదు వద్ద 24 గంటల్లో 12.8 అంగుళాల వాన కురిసింది. నగరానికి ఎగువనున్న పరీవాహక ప్రాంతంలో 788 చెరువులుండగా, వాటిలో 221 తెగిపోయాయి. ఒక చెరువు నీరు క్రింది చెరువును తెంపగా, ఆ నీరంతా ఒక్కుమ్మడిగా నగరంపై పడింది. అఫ్జల్‌గంజ్ వంతెన కొట్టుకుపోయింది. మరణించినవారు సుమారు 15,000 అని అంచనా. అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టెక్కి దాదాపు 150 మంది ప్రాణాలు దక్కించుకున్నారు.

ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ ప్రభుత్వం 1909లో మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. ఆయన సూచనలు రెండు విధాలు. నగరానికి ఎగువన వరదను నిలిపి, మెల్లగా వదిలే జలాశయాలు కట్టాలన్నది మొదటిది. నగరం లోపల గట్లు ఎత్తుచేసి, వాటి వెంట ఉద్యానవనాలు, విశాలమైన బాటలు వేయాలన్నది రెండవది. ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ కాలంలో ఈ పని సాగింది. మూసీపై ఉస్మాన్ సాగర్ 1920లో, ఈసీపై హిమాయత్ సాగర్ 1927లో పూర్తయ్యాయి. ఈ నిర్మాణాల్లో ఇంజనీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్ కృషి స్మరణీయం. 1912లో ఏర్పడిన నగరాభివృద్ధి సంస్థ ‘ఆరాయిషె బల్దా’ ఇరుకు వాడలను సరిచేసింది. తీరాన హైకోర్టు, ఉస్మానియా ఆసుపత్రి, రాష్ట్ర గ్రంథాలయం వెలిశాయి. గమనించవలసిందేమంటే, ఈ జలాశయాల తొలి ప్రయోజనం వరద నివారణ. మంచినీటి సరఫరా దానితోపాటు వచ్చిన మేలు.

కాలక్రమాన ఈ వరుస తలక్రిందులైంది. జంట జలాశయాలను మంచినీటి చెరువులుగానే జనం చూడసాగారు. 1996 మార్చి 8న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం జారీచేసిన జీ.ఓ. 111, జలాశయాలకు 10 కిలోమీటర్ల లోపు కాలుష్యకారక పరిశ్రమలను, పెద్ద హోటళ్ళను, నివాస కాలనీలను నిషేధించింది. 84 గ్రామాలు దాని పరిధిలోకి వచ్చాయి. ఒక నూనె పరిశ్రమకు ప్రభుత్వమే ఇచ్చిన మినహాయింపు చెల్లదని 2000 డిసెంబరులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. మంచి నిబంధనే, కాని అది చెప్పుకున్న కారణం త్రాగునీటి రక్షణ. అందువల్లనే 2022 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం జీ.ఓ. 69 ద్వారా ఆ ఆంక్షలను షరతులతో తొలగించినప్పుడు, నగర నీటి సరఫరాలో ఈ జలాశయాల వాటా 1.25 శాతానికి మించదని చెప్పడం సులువైంది. త్రాగునీరు కృష్ణా, గోదావరుల నుండి తెచ్చుకోవచ్చు. వరదను ఆపే నేలను ఎక్కడినుండి తేగలం? ఎగువన కాంక్రీటు పరచుకుంటే, భూమిలో ఇంకవలసిన వాన వేగంగా జలాశయాల్లోకి దిగుతుంది, అక్కడినుండి నగరంలోకి.

నగరం లోపలి కథ వేరు. 2012 నాటి భవన నియమాలు నగరపాలక సంస్థ పరిధిలో నది సరిహద్దునుండి 50 మీటర్ల వరకు కట్టడాలు కూడదన్నాయి. ఇది హరీం భావనకు ఎంతో సన్నిహితం. కాని నగరపు అతి పెద్ద బస్ స్టేషన్ 1994 నుండి నది మధ్యనే నడుస్తున్నది. 2024లో నదీగర్భంలోని పేదల ఇళ్ళకు గుర్తులు వేసి, కొన్ని కుటుంబాలను రెండు పడక గదుల ఇళ్ళకు తరలించి, పాత ఇళ్ళను కూల్చారు. 2025 సెప్టెంబరు చివర జలాశయాల గేట్లెత్తగా, ఆ బస్ స్టేషన్ నీట మునిగింది.

నది ఒడ్డున నివసించే కూలీ ప్రమాదంలో ఉన్న మాట నిజమే. అతణ్ణి సురక్షితమైన చోటికి, బ్రతుకుతెరువు తెగకుండా చేర్చడం ప్రభుత్వ బాధ్యత. అయితే దిగువన గుడిసెకు వర్తించే హద్దు ఎగువన భవంతికి వర్తించకపోతే, దానిని న్యాయమనలేము. తన సొత్తులోనైనా ఇతరులకు హాని కలిగించే పని చేయరాదన్నది ఫిఖ్హ్ మూలసూత్రాల్లో ఒకటి. ఎగువన కట్టేవాడు తన నేలలోనే కట్టుకుంటాడు, మునిగేది మాత్రం దిగువవాని ఇల్లు. నది హద్దును ఎగువ, దిగువలకు కలిపి ఒకే చట్టంగా, వరద నివారణను మొదటి కారణంగా వ్రాసి నిలుపుకున్ననాడే 1908 నేర్పిన పాఠం మనకు దక్కినట్లు.