నెత్తురు మీద వేసిన ముద్ర, నెత్తురులో ఉన్న చరిత్ర

పోస్టు కొంచెం పెద్దది. తీరిక చూసుకుని చదవండి. చదివినాక మీ తండాలో, కాలనీలో ఇంకో నలుగురికి చెప్పండి.

సికిల్ సెల్ పరీక్షల మాట వచ్చినప్పుడల్లా "అది ఎస్టీల జబ్బు కదా" అనేస్తుంటారు. ఈ మాట ఎంతవరకు నిజం? దీని వెనక చరిత్ర ఏంది?

ముందు మన పాత గాయం ఒకటి గుర్తు చేసుకోవాలి. 1871లో బ్రిటిష్ వాళ్లు నేరస్థ తెగల చట్టం తెచ్చారు. 1911లో దాన్ని మద్రాసు ప్రెసిడెన్సీకి కూడా వర్తింపజేశారు. అప్పుడు మన కర్నూలు జిల్లా కూడా అందులోనే ఉంది. ఎరుకల, సుగాలీల్లాంటి సంచార జాతులు ఈ చట్టం కింద నలిగిపోయాయి. వేలిముద్రలు, హాజరీలు, స్టువర్టుపురం లాంటి సెటిల్‌మెంట్లు. దొంగతనం వీళ్ల నెత్తురులోనే ఉందని సర్కారే రాసిపెట్టింది. ఆ చట్టం మద్రాసు రాష్ట్రంలో 1947లో, దేశమంతటా 1952లో రద్దయింది. ఏ పరీక్షా లేకుండానే మన నెత్తురు మీద తీర్పు చెప్పేశారు. అందుకే ఇప్పుడు ఎవరైనా నెత్తురు పరీక్ష అంటే మన పెద్దలకు అనుమానం రావడంలో తప్పు లేదు.

అదే 1952లో ఇంకో సంగతి జరిగింది. నీలగిరి కొండల్లోని ఆదివాసుల్లో సికిల్ లక్షణం ఉందని లేమన్, కట్‌బుష్ అనే పరిశోధకులు ప్రకటించారు. అస్సాం తేయాకు తోటల కూలీల్లోనూ ఉందని అదే ఏడాది ఇంకో నివేదిక వచ్చింది. మన దేశంలో సికిల్ సెల్ చరిత్ర మొదలైంది అక్కడే. తర్వాత గోండుల్లో, కోయల్లో, ఇంకా చాలా తెగల్లో బయటపడింది.

అయితే ప్రపంచంలో మొదట రాసింది మన గురించి కాదు. 1910లో చికాగో డాక్టర్ జేమ్స్ హెరిక్, కరీబియన్ దీవి గ్రెనడా నుంచి వచ్చిన ఒక నల్లజాతి విద్యార్థి నెత్తురులో కొడవలిలా వంగిన కణాలున్నాయని రాశాడు. 1949లో లైనస్ పాలింగ్ బృందం తేడా హిమోగ్లోబిన్‌లోనే ఉందని చూపించింది. 1956, 57 నాటికి వెర్నన్ ఇంగ్రామ్ ఆ తేడా సరిగ్గా ఎక్కడుందో పట్టుకున్నాడు.

అది అర్థం చేసుకోవడం కష్టమేం కాదు. మన కణాల్లో 11వ క్రోమోజోమ్ మీద హెచ్‌బీబీ అనే జన్యువు ఉంది. బీటా గ్లోబిన్ అనే ప్రోటీన్‌ను ఎట్లా తయారు చేయాలో అందులో రాసుంటుంది. ఈ ప్రోటీన్ 146 అమైనో ఆమ్లాల గొలుసు. రెండు బీటా గొలుసులు, రెండు ఆల్ఫా గొలుసులు కలిస్తే హిమోగ్లోబిన్. ఊపిరితిత్తుల నుంచి ఒళ్లంతా ఆక్సిజన్ మోసేది అదే. జన్యువులో ఒకచోట 'ఏ' అనే అక్షరం బదులు 'టీ' పడితే, గొలుసులో ఆరోచోట గ్లుటామిక్ ఆమ్లం పోయి వాలీన్ వస్తుంది. మారింది అంతే. కానీ ఆక్సిజన్ తగ్గినప్పుడు ఆ హిమోగ్లోబిన్ ఒకదానికొకటి అతుక్కుని కడ్డీలవుతుంది, కణం వంగిపోతుంది. మామూలుగా 120 రోజులు బతకాల్సిన కణం 10, 20 రోజులకే చచ్చిపోతుంది. సన్న నాళాలు మూసుకుపోయి కీళ్లు, ఎముకలు భరించలేనంత నొప్పి పెడతాయి.

మరి ఇంత కీడు చేసే మార్పు తరతరాలుగా ఎందుకు మిగిలింది? జవాబు మలేరియా. దోమలో మలేరియా క్రిమిని రోనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న చూసింది మన సికింద్రాబాద్‌లోనే. 1954లో ఆంథొనీ అల్లిసన్ తూర్పు ఆఫ్రికాలో పరిశోధించి, అమ్మ నుంచో నాన్న నుంచో ఒక్కరి దగ్గరే ఈ మార్పు వచ్చినవాళ్లకు ప్రాణం తీసే మలేరియా నుంచి రక్షణ ఉంటుందని చూపించాడు. మలేరియా జొరాలు పిల్లల్ని మింగేసే చోట ఈ మార్పు ఉన్నవాళ్లు ఎక్కువ మంది బతికారు. అందుకే ఇది ఆఫ్రికాలో ఉంది, అరబ్ దేశాల్లో ఉంది, గ్రీసులోనూ ఉంది. కాబట్టి ఇది కులం గుర్తూ కాదు, తెగ గుర్తూ కాదు. మలేరియాతో పోరాడి బతికిన మనుషుల గుర్తు. ఇదే జన్యువులో ఇంకో రకం మార్పులతో వచ్చే తలసేమియా సింధీల్లో, పంజాబీల్లో ఎక్కువ. వాళ్ల నెత్తురు చెడ్డదని ఎవరూ అనరు కదా!

ఇక్కడ అమెరికా పాఠం ఒకటుంది. 1970ల మొదట్లో అక్కడ చాలా రాష్ట్రాలు నల్లవాళ్లకు సికిల్ పరీక్ష తప్పనిసరి చేశాయి. సరైన వివరణ లేదు, గోప్యత లేదు. జబ్బు లేని వాహకులకు కూడా ఉద్యోగాలు, ఇన్సూరెన్సు దక్కలేదు. అదే కాలంలో, 1971లో, బ్లాక్ పాంథర్ పార్టీ తన జనానికి తానే ఉచితంగా పరీక్షలు మొదలుపెట్టింది. పరీక్ష అదే, కానీ ఎవరి చేతిలో ఉంది, ఎట్లా చెప్పారు అన్నదాన్ని బట్టి అది మేలో కీడో అవుతుంది.

మన దగ్గర 2023 జులై 1న మధ్యప్రదేశ్‌లోని షాడోల్‌లో జాతీయ సికిల్ సెల్ నిర్మూలన మిషన్ మొదలైంది. గిరిజన ప్రాంతాల్లో 40 ఏళ్లలోపు 7 కోట్ల మందికి పరీక్షలు చేయాలని, 2047 నాటికి జబ్బును నిర్మూలించాలని లక్ష్యం. మంచిదే. మా సి.బెళగల్ ఉన్నది తుంగభద్ర దగ్గరి మైదానంలో, అడవిలో కాదు. అయినా చదువులకు, ఉద్యోగాలకు, సుగ్గికి ఎక్కడెక్కడికో పోతున్నాం, సంబంధాలు కలుపుకుంటున్నాం. కాబట్టి మనమూ తెలుసుకోవాల్సిందే.

గుర్తుంచుకోండి. వాహకులంటే రోగులు కాదు. భార్యాభర్తలిద్దరూ వాహకులైతేనే ప్రతి కాన్పులో బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. మేనరికం అనుకుంటున్న ఇళ్లలో ముందే పరీక్ష చేయించుకోవడం మంచిది. జబ్బు ఉన్నవాళ్లకు హైడ్రాక్సీయూరియా లాంటి మందులున్నాయి. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో సికిల్ సెల్ జబ్బు కూడా ఉంది, కాబట్టి అర్హులైన విద్యార్థులు సర్టిఫికెట్‌కు అప్లై చేసుకోవచ్చు.

పరీక్షకు వచ్చినప్పుడు దాక్కోవద్దు. ఎందుకు చేస్తున్నారో అడగండి. రిపోర్టు మన చేతికివ్వమనండి, పదిమందిలో పేర్లు చదవొద్దని చెప్పండి. ఒకప్పుడు మన నెత్తురు గురించి వేరేవాళ్లు రాస్తే మనం వేలిముద్ర వేశాం. ఇప్పుడు చదువొచ్చింది. మన నెత్తురు గురించి మనమే చదువుదాం, మనమే చెప్పుకుందాం.