ఇళ్ళకు పొమ్మన్న కోచ్

అమెరికాలో జాగింగ్ ఎక్కడ మొదలైందని అడిగితే మా అబ్బాయి నైకీ పేరు చెప్తాడు. వాడికి పోర్ట్‌లాండ్ పక్కన చిప్పుల కంపెనీలో ఉద్యోగం. సర్వీసంతా గుంటూరు జిల్లా హైస్కూళ్ళలో డ్రిల్లు మాస్టారుగా గడిపిన నాకు ఆ జవాబు మింగుడుపడలేదు. బూట్ల కంటే ముందు కాళ్ళుండాలి గదా. ఆ కాళ్ళు యూజీన్ ఊరివి.

పోర్ట్‌లాండ్‌కు దక్షిణంగా కార్లో రెండు గంటల దారి. 1960లో యూజీన్ జనాభా యాభై వేల పైచిలుకు, అప్పటి మన తెనాలి కన్నా చిన్నది. కలప మిల్లులు, ఒక యూనివర్సిటీ, చలికాలమంతా వదలని ముసురు. ఆ యూనివర్సిటీలో పరుగు కోచ్ బిల్ బవర్‌మన్. రెండో ప్రపంచ యుద్ధంలో ఇటలీ కొండల్లో పోరాడి వచ్చిన మనిషి. 1962లో ఆయన కుర్రాళ్ళు నలుగురు, తలా ఒక మైలు పరుగెత్తే రిలేలో న్యూజీలాండ్ వాళ్ళ ప్రపంచ రికార్డు లాగేసుకున్నారు. ఆ ఏడాది చివర్లో జట్టుతో సహా ఆయన న్యూజీలాండ్ వెళ్ళాడు.

అక్కడ ఆయన్ను పట్టుకున్నవాడు ఆర్థర్ లిడియార్డ్. చెప్పుల ఫ్యాక్టరీలో పని చేస్తూ, పాలు వేస్తూ, చుట్టుపక్కల కుర్రాళ్ళకు పరుగు నేర్పినవాడు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో ఆయన శిష్యులు పీటర్ స్నెల్, మర్రీ హాల్‌బర్గ్ ఒకే రోజు చెరో బంగారు పతకం గెలిచారు. నాకు ఆయన గొప్పగా కనిపించేది అందుకు కాదు. గుండెపోటు వచ్చినవాణ్ణి కదలొద్దనే రోజుల్లో, అలాంటి నడివయసు వాళ్ళను పోగేసి నెమ్మదిగా పరుగెత్తించాడు. 1962లో అది ఆక్లాండ్ జాగర్స్ క్లబ్ అయింది. ఓ ఆదివారం వాళ్ళతో రమ్మంటే బవర్‌మన్ ధీమాగానే బయల్దేరాడు. అప్పటికాయనకు యాభై ఒక్కేళ్ళు. కాసేపటికే ఊపిరందలేదు. డెబ్బై దాటిన ముసలాయన ఒకడు, గుండెపోట్లు తట్టుకుని బతికినవాడు, వెనకబడి, కబుర్లు చెప్తూ ఆయనకు తోడొచ్చాడు. స్టాప్ వాచీ పట్టుకుని గీత పక్కన నిలబడే మా జాతి మొత్తానికీ తగలాల్సిన దెబ్బ అది!

ఊరికి తిరిగొచ్చి స్థానిక పత్రికకు ఈ సంగతి చెప్పాడు. 1963 ఫిబ్రవరిలో ఓ ఆదివారం యూనివర్సిటీ పరుగు మైదానం హేవర్డ్ ఫీల్డ్‌కు రమ్మని ఊరిని పిలిచాడు. మొదట పాతికమంది దాకా వచ్చారు. కొద్ది వారాల్లో జనం వేలకు చేరారు. మా హెడ్మాస్టర్లలో ఎవరైనా అయితే వెంటనే మైకు తెప్పించి, మంత్రిగారిని పిలిచి ఉండేవాళ్ళు. బవర్‌మన్‌కు మాత్రం భయం పట్టుకుంది. ఇందులో ఎవరి గుండె ఎలాంటిదో ఎవరికి తెలుసు? ఒకరు పడిపోతే? అందుకే ఇళ్ళకు పొమ్మన్నాడు. ఇరుగుపొరుగు నలుగురూ కలిసి, మీ వీధుల్లోనే మెల్లగా మొదలుపెట్టండన్నాడు.

తర్వాత గుండె డాక్టరు వాల్డో హారిస్‌తో కూర్చున్నాడు. నడివయసు వాళ్ళను చిన్న జట్లు చేసి, దూరం కొద్దికొద్దిగా పెంచుతూ చూశారు. వాళ్ళు పెట్టిన నియమం ఒకటే ముఖ్యం: పక్కవాడితో మాట్లాడలేకపోతే నువ్వు మరీ వేగంగా పోతున్నట్టు. ఆలస్యంగా వస్తే గ్రౌండు చుట్టూ రెండు రౌండ్లు అని శిక్షవేసే మన బళ్ళలో ఈ మాట ఎవరు చెప్పారు? ఇద్దరూ కలిసి 1967లో వేసిన ‘జాగింగ్’ పుస్తకం పది లక్షల ప్రతులు దాటింది. దేశం ఇంకా అలవాటుపడలేదు లెండి. 1968లో దక్షిణ కరోలినాలో పరుగెత్తుతున్న సెనేటర్ స్ట్రామ్ థర్మండ్‌ను పోలీసు అనుమానించి ఆపాడు.

1964లో బవర్‌మన్, ఆయన పాత శిష్యుడు ఫిల్ నైట్ చెరో 500 డాలర్లు వేసుకుని బూట్ల వ్యాపారం పెట్టడం, దానికి తర్వాత నైకీ పేరు రావడం అందరూ చెప్పేదే. నాకు అంతకన్నా బవర్‌మన్ దగ్గరే పరుగు నేర్చిన స్టీవ్ ప్రిఫాంటైన్ మీద మోజు. యూరప్‌లో మెత్తటి పరుగుదారులు చూసొచ్చి, యూజీన్‌కూ అలాంటిది కావాలని పట్టుబట్టిన కుర్రాడు. 1975 మే 30న కారు ప్రమాదంలో 24 ఏళ్ళకే పోయాడు. ఆ దారి అదే ఏడాది ఆల్టన్ బేకర్ పార్కులో వేశారు. నాలుగు మైళ్ళు, కింద చెక్క తునకలు, మోకాళ్ళకు హాయి. నేను అక్కడ నడుస్తుంటే ఇద్దరు ఆడవాళ్ళు ఇంటి అద్దెల గురించి గట్టిగా వాదించుకుంటూ పరుగున నన్ను దాటిపోయారు.