గద్వాల ‘స్టేట్’ అవునా?

‘స్టేట్’ అన్న ఇంగ్లీషు మాటకు మూలం లాటిన్ ‘స్టాటుస్’. నిలిచి ఉన్న తీరు అని దాని అర్థం. మన ‘స్థితి’, ‘స్థానం’, ‘సంస్థానం’ పుట్టిన ‘స్థా’ ధాతువు దానికి దూరపు చుట్టమే. ఇంగ్లీషులో ఆ మాట మొదట దశను, తర్వాత హోదాను, చాలా కాలానికి గానీ రాజ్యాన్ని సూచించలేదు. ఆ అర్థం స్థిరపడ్డాక కూడా బ్రిటిష్ వారు గద్వాలకు ఆ మాట వాడడానికి వెనకాడారు. 1908 నాటి ఇంపీరియల్ గెజిటీర్ గద్వాలను రాయచూరు జిల్లాలోని ‘సమస్థాన్’గానే రాసింది, ‘స్టేట్’ మాత్రం నిజాం హైదరాబాదుకు దక్కింది.

నిజాముకు పేష్కష్ (కప్పం) కట్టే గద్వాల రాజ్యమెలా అవుతుందని అడగవచ్చు. వాదనలో బలముంది. కానీ అదే కొలబద్ద పెడితే 1798 సైన్య సహకార ఒప్పందంతో ఈస్టిండియా కంపెనీ పటాలానికి ఖర్చు భరించిన హైదరాబాదూ నిలవదు. గద్వాల పాలకుడు సోమనాద్రి కట్టించిన కోట, దాని లోపలి చెన్నకేశవాలయం, సొంత టంకసాల నాణేలు, ‘విద్వద్గద్వాల’ అనిపించుకున్న పండిత పోషణ: ఇవి జమీందారీ లక్షణాలు కావు. రాయచూరు ప్రాంతంలోనూ చెల్లిన ఆ నాణెమే నాకు గట్టి సాక్ష్యం. సార్వభౌమత్వం లేదు, నిజమే, రాజ్యపాలన ఉంది. ఆ మధ్యస్థితికి ‘స్టేట్’ కన్నా ‘సంస్థానం’ అన్నదే కచ్చితమైన మాట. హైదరాబాదు భారత్‌లో కలిశాక, 1949లో ఆ పాలనా ముగిసింది. కోటలో ఇప్పుడు మహారాణి ఆదిలక్ష్మీ దేవమ్మ పేరిట ప్రభుత్వ డిగ్రీ కళాశాల నడుస్తోంది.