ఎడారి నవలపై అకాలవర్షం

మిరపకాయలు కల్లంలో ఆరుతున్న వేళ వాన పడితే సత్తెనపల్లి ప్రాంతపు రైతు సంతోషించడు. తడిసిన కాయకు బూజు పడుతుంది. రంగు చెడి, ధర పడిపోతుంది. అదే వాన అదనులో పడితే పైరుకు ప్రాణం. కనుక వాన మంచిదా, చెడ్డదా అన్న ప్రశ్నకు, అది ఎప్పుడు, ఎక్కడ, ఎంత పడినదో తెలియనిదే జవాబు లేదు. ఒక ప్రసిద్ధ వైజ్ఞానిక నవలను చలనచిత్రంగా తీసినవారు ఈ చిన్న సత్యాన్ని విస్మరించారు.

ఆ నవల పేరు 'డ్యూన్', అనగా ఇసుకదిబ్బ. రచయిత అమెరికా దేశీయుడైన ఫ్రాంక్ హెర్బర్ట్. ఆయన 1957లో ఒరెగాన్ సముద్రతీరాన ఫ్లోరెన్స్ పట్టణ సమీపానికి వెళ్ళాడు. అక్కడ గాలికి కదిలే ఇసుకదిబ్బలు రోడ్లను కప్పివేస్తుండగా, వ్యవసాయశాఖవారు గడ్డి నాటి వాటిని నిలుపుతున్నారు. ఒక వ్యాసం కొరకు మొదలైన ఆ పరిశీలన చివరకు నవలకు బీజమైనది. 'అనలాగ్' పత్రికలో 1963 నుండి 1965 వరకు ఆ కథ వెలువడినది. ఇరవైమందికి పైగా ప్రచురణకర్తలు తిరస్కరించిన పిమ్మట, మోటారుకార్ల మరమ్మతు పుస్తకాలకు పేరుపొందిన చిల్టన్ సంస్థ 1965లో దానిని గ్రంథంగా అచ్చువేసినది. హ్యూగో, నెబ్యులా బహుమతులు రెండూ దానికి లభించాయి.

కథ జరిగే అరాకిస్ గ్రహంపై వాన అన్నమాటే లేదు. అక్కడి ఎడారివాసులు చెమటలోని, ఊపిరిలోని తేమను పట్టి తిరిగి త్రాగునీరుగా మార్చే దుస్తులు ధరిస్తారు. గాలిలోని తేమను కొద్దికొద్దిగా సేకరించి గుహలలో దాచి, దిబ్బలపై గడ్డి పెంచి, గ్రహాన్ని పచ్చగా చేయవలెనని కైన్స్ అనే శాస్త్రజ్ఞుడు పథకం వేస్తాడు. అందుకు పట్టే కాలం 300 నుండి 500 సంవత్సరాలని లెక్క కడతాడు. ఇందులో ఒక చిక్కు ఉన్నది. నక్షత్రాల మధ్య ప్రయాణానికి అవసరమైన అపురూప ద్రవ్యం ఆ గ్రహంపైనే, అక్కడి బ్రహ్మాండమైన ఇసుకపురుగుల జీవితచక్రం నుండి పుడుతుంది. ఆ పురుగులకు నీరు విషం. ఒకటి కదిపితే మరొకటి కదులుతుందన్న జీవావరణ శాస్త్ర సూత్రమే ఈ నవలకు పునాది.

డేవిడ్ లించ్ దర్శకత్వంలో ఈ నవల 1984 డిసెంబరులో చలనచిత్రంగా వచ్చినది. సుమారు 4 కోట్ల డాలర్లు వ్యయమైనది. అమెరికాలో వసూలైనది 3 కోట్లకు కొంచెం పైన. దృశ్యాల వైభవం, ధ్వని ప్రశంసలు పొందాయి. కాని అంత పెద్ద కథను 137 నిమిషాలలో ఇరికించుటచే ప్రేక్షకులు తికమకపడ్డారు. తుది కూర్పుపై దర్శకునికి అధికారం లేకపోయినది. తరువాత టెలివిజన్ కొరకు నిడివి పెంచిన ప్రతి నుండి ఆయన తన పేరునే తీసివేయించాడు.

నవల ప్రియులను అన్నిటికన్న నొప్పించినది ముగింపు. కథానాయకుడైన పాల్ విజయం పొందగానే ఆకాశం నుండి వాన కురుస్తుంది. కైన్స్ లెక్క వేసిన శతాబ్దాలు ఒక్క క్షణానికి కుదించుకుపోయాయి. చిత్రంలోని అనేక విషయాలను మెచ్చుకొన్న హెర్బర్ట్ సైతం ఈ వానను అంగీకరించలేదు. ఆయన దృష్టిలో పాల్ దేవుడు కాడు, దేవుని పాత్ర ధరించిన మనుష్యుడు మాత్రమే. డెనీ విల్నవ్ అదే నవలను 2021, 2024 సంవత్సరాలలో రెండు భాగాలుగా తీసినప్పుడు అటువంటి వానతో కథ ముగించలేదు.

నీరు మహిమతో రాదని పల్నాటివారికి వేరే చెప్పనక్కరలేదు. నాగార్జునసాగరానికి శంకుస్థాపన జరిగినది 1955లో. కాలువలకు నీరు వదిలినది 1967లో. ఆ పన్నెండేండ్లలో రాయి మీద రాయి పేర్చవలసి వచ్చినది.

తరగతిలో ఉపాధ్యాయులు ఈ చిత్రకథను చెప్పి, ఒక్క ప్రశ్న అడగవచ్చు: ఆ వాన కురిసిన మరునాడు ఇసుకపురుగులు ఏమవుతాయి? వాటితోపాటు ఇంకా ఏమేమి నశిస్తాయి? చిత్రం చెప్పక విడిచిన కథను విద్యార్థులే పూర్తి చేయగలరు.