శివనాథ్: లెక్కలోకి రాని ఆదాయం

చరోదాలో తెలుగు మాట వినిపించని వీధి అరుదు. భిలాయి మార్షలింగ్ యార్డు చుట్టూ పెరిగిన ఈ ఊరికి రైల్వే ఉద్యోగాల కోసం, ఉక్కు కర్మాగారం పనుల కోసం ఉత్తరాంధ్ర నుంచి వచ్చిన కుటుంబాలు తరాలుగా ఇక్కడే స్థిరపడ్డాయి. ఊరికి తూర్పున ఖారూన్ నది, పడమట, దుర్గ్ పట్టణం దాటాక, శివనాథ్ నది. రాజ్‌నాంద్‌గావ్ వైపు వెళ్లే రైలు శివనాథ్ వంతెన మీద నిండా ఒక నిమిషం కూడా ఉండదు. ఆ నిమిషంలో కిటికీ నుంచి కనిపించే నీటికి భారత రాజకీయార్థిక చరిత్రలో ఒక ప్రత్యేక స్థానం ఉంది. ఈ నదిలో 23.6 కిలోమీటర్ల భాగాన్ని 1998లో ప్రభుత్వమే ఒక ప్రైవేటు కంపెనీ చేతికి అప్పగించింది.

బొలీవియాలోని కోచబంబాలో నీటి ప్రైవేటీకరణ మీద జనం వీధుల్లోకి వచ్చిన సంగతి ప్రపంచమంతా చెప్పుకుంటుంది. అక్కడి ఒప్పందం 1999 నాటిది, 2000 ఏప్రిల్‌లో రద్దయింది. శివనాథ్ ఒప్పందం దానికంటే ముందుది, దానికంటే చాలా ఎక్కువ కాలం బతికింది. అయినా చర్చలోకి రావలసినంతగా రాలేదు. దీనికి కారణం వెదకాలంటే ముందు ఆ నది ఒడ్డున జనం ఎలా బతికేవారో, ఆ బతుకులోని ఆదాయం ఎవరి పద్దులోకీ ఎందుకు ఎక్కలేదో చూడాలి.

ఛత్తీస్‌గఢ్ మైదానం వరి దేశం. రెండు మూడు ఎకరాల రైతుకు వానాకాలపు వరి తిండిగింజ. అయితే అతడి సేద్యం వరితో ముగిసేది కాదు. కోతకు కొన్ని రోజుల ముందు, మడిలో తడి ఉండగానే, నిలిచి ఉన్న పైరులో తివ్‌రా అనే పప్పుగింజ చల్లుతారు. దీన్ని ‘ఉతేరా’ అంటారు. కృష్ణా డెల్టాలో కోతకు ముందు మినుము, పెసర చల్లే రైతుకు ఈ పద్ధతి వివరించి చెప్పనక్కరలేదు. దున్నకం లేదు, ఎరువు లేదు, నీటి తడి లేదు. నేలలో మిగిలిన తేమే పెట్టుబడి. పైగా పప్పుజాతి పంట కాబట్టి నేలకు నత్రజని మిగులుతుంది, కొంత మేత పశువుకు దక్కుతుంది. తివ్‌రాను అతిగా తింటే కాళ్లు పడిపోతాయన్న కారణంతో దేశంలో చాలాచోట్ల దాని అమ్మకంపై ఆంక్షలు పెట్టారు. ఆంక్ష ఉన్నా ఇంటి అవసరానికి పండించడం ఆగలేదు. మార్కెట్‌కు పోని పంట మార్కెట్ గణాంకాల్లో ఎలాగూ కనిపించదు.

వేసవికి నది సన్నగిల్లి ఇసుక తిన్నెలు బయటపడతాయి. కేవట్, ఢీమర్ కులాలవారు, ఒడ్డున ఉన్న చిన్న రైతులు ఆ ఇసుకలో గుంటలు తీసి, పేడ ఎరువు వేసి పుచ్చ, కర్బూజ, దోస పాదులు పెడతారు. గోదావరి లంకల్లోనూ, పెన్న ఇసుకలోనూ తెలుగువారు చేసింది ఇదే. వరద తెచ్చిన ఒండ్రు ఉచితం, చెలమ తీస్తే నీరు ఉచితం, భూమికి శిస్తు నామమాత్రం. జూన్‌లో నది వచ్చి తోటను తుడిచిపెట్టి మళ్లీ కొత్త ఒండ్రు పరుస్తుంది.

ఇక చేప. పంటకు ఆరు నెలలు ఆగాలి, చేపకు ఒక్క రాత్రి చాలు. వల, చిన్న పడవ, ఇంటి మనుషుల శ్రమ తప్ప వేరే మూలధనం లేదు. తెల్లవారి పట్టిన చేపను ఆడవాళ్లు గంపలో పెట్టుకుని వారపు సంతకు తీసుకుపోతే సాయంత్రానికి ఉప్పు, నూనె, బడి పుస్తకం ఇంటికి వస్తాయి. వరి దెబ్బతిన్న ఏడాది ఊరు వదిలి ఇటుక బట్టీలకు వలస పోకుండా ఆపేది చాలాసార్లు ఈ రోజువారీ రాబడే. ఆర్థికశాస్త్ర పరిభాషలో చెప్పాలంటే ఈ వ్యవస్థ గొప్పతనం అధిక దిగుబడిలో లేదు. ఖర్చు తక్కువ, అప్పు తక్కువ, ఒకటి పోతే మరొకటి నిలబడుతుంది. నాలుగు వైపుల నుంచి కొంచెం కొంచెంగా వచ్చే ఈ ఆదాయానికి రశీదు ఉండదు. ప్రభుత్వ కాగితంలో కనిపించేది సహకార సంఘానికి తూచిన ధాన్యం బస్తా ఒక్కటే.

పాత పాలనలో దీనికి కనీసం ఒక పేరుండేది. ‘నిస్తార్’ అంటే ఊరి ఉమ్మడి నీటిని, అడవిని, మేత భూమిని ఇంటి అవసరాలకు వాడుకునే హక్కు. ఏ చెరువులో ఎవరికి ఏ వాడుక ఉందో ‘వాజిబ్-ఉల్-అర్జ్’ అనే గ్రామ దస్తావేజులో రాసేవారు. 1951లో మాల్‌గుజారీ రద్దయి చెరువులు ప్రభుత్వపరమయ్యాయి. భూస్వామి పోవడం న్యాయమే. దానితోపాటు చెరువు బాగోగులు చూసే బాధ్యత కూడా ఎవరికీ చెందకుండా పోయింది. వాడుక హక్కు కాగితం మీద మిగిలింది, కాని దాని విలువ రూపాయల్లో ఎంత అని ఏ శాఖా లెక్క కట్టలేదు.

సరిగ్గా ఆ కాలంలోనే ఉక్కు వచ్చింది. 1955 ఫిబ్రవరిలో సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరింది. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించారు. కర్మాగారానికి నీరు కావాలి. పంతొమ్మిదో శతాబ్ది చివరి కరువుల తరువాత, సేద్యం కోసం, బ్రిటిష్ వారు కట్టిన తాందులా జలాశయం ఆ అవసరానికి మళ్లింది. వరి మడికి ఉద్దేశించిన నీరు కొలిమికి పోవడం అలా మొదలైంది. అయితే ఆ రోజుల్లో దీనికి బదులుగా కంటికి కనిపించేది ఒకటి ఉండేది. భూమి పోయిన ఇంట్లో ఒకరికి ఉద్యోగం దొరకవచ్చు, ఊరికి ఆస్పత్రి, బడి రావచ్చు. అందరికీ రాలేదన్నది నిజమే, కాని బేరంలో రెండో పక్షం కూడా ఉందన్న నమ్మకం ఉండేది. దుర్గ్ జిల్లా గని కార్మికులను కూడగట్టిన శంకర్ గుహా నియోగి తన సంస్థ జెండాలో ఎరుపు పక్కన ఆకుపచ్చను చేర్చింది, కార్మికుడి కూలి, రైతు నీరు వేర్వేరు సమస్యలు కావని చెప్పడానికే. 1991 సెప్టెంబరు 28న ఆయన భిలాయిలో హత్యకు గురయ్యారు. దేశ ఆర్థిక విధానం దిశ మారిందీ ఆ ఏడాదే.

1998 నాటికి బేరం స్వరూపం పూర్తిగా మారిపోయింది. దుర్గ్ పక్కన బోరాయి పారిశ్రామిక కేంద్రానికి నీరివ్వాలి. ప్రభుత్వమే పైపు వేయవచ్చు. కాని అవిభక్త మధ్యప్రదేశ్‌కు చెందిన పారిశ్రామిక కేంద్రాల అభివృద్ధి సంస్థ ఆ ఏడాది అక్టోబరులో రేడియస్ వాటర్ అనే కంపెనీతో 22 ఏళ్ల ఒప్పందం చేసుకుంది. కంపెనీ నదికి అడ్డంగా బ్యారేజీ కడుతుంది, నీటిని సంస్థకు అమ్ముతుంది, గడువు తీరాక అప్పగిస్తుంది. ఇందులో ఒక నిబంధన చదివినవారెవరైనా ఒక్క క్షణం ఆగవలసిందే. పరిశ్రమలు వాడినా వాడకపోయినా రోజుకు 40 లక్షల లీటర్లకు ప్రభుత్వ సంస్థ డబ్బు చెల్లించి తీరాలి. బోరాయిలో అంత నీరు తాగే పరిశ్రమలు అప్పటికి లేవు. నష్టభయం ప్రజలది, రాబడి భరోసా కంపెనీది. దీన్ని మార్కెట్ అని పిలవడం మార్కెట్‌కే అన్యాయం.

నది ఒడ్డున జరిగింది దస్తావేజుల్లో రాయనిది. మోహ్లాయి తదితర గ్రామాల జాలరులను బ్యారేజీ దగ్గర వలలు వేయవద్దన్నారు. ఒడ్డున మోటార్లు పెట్టి కూరగాయలకు నీరు తోడుకునే రైతులను ఆపారు. పైన నిలిచిన నీటి కింద ఇసుక తిన్నె మునిగితే పుచ్చపాదుకు చోటుండదు. కింద ప్రవాహం తగ్గితే బావి ఊట తగ్గుతుంది, చేప ఎదురెక్కే దారి మూసుకుపోతుంది. నాలుగు చిన్న రాబడుల్లో మూడు నది మీదే ఆధారపడినప్పుడు, ఒక్క బ్యారేజీతో అవన్నీ ఒకేసారి దెబ్బతింటాయి. చిన్న సేద్యానికి ఉన్న పెద్ద బలం, ఒకటి పోతే మరొకటి ఆదుకోవడం, సరిగ్గా అక్కడే విరిగిపోయింది.

చట్టం ఏమంటుంది? 1996 డిసెంబరులో, కమల్‌నాథ్ కుటుంబ ప్రయోజనాలతో ముడిపడిన బియాస్ నది కేసులో, సుప్రీంకోర్టు స్పష్టంగానే చెప్పింది: నదులు, తీరాలు ప్రభుత్వ సొత్తు కావు, ప్రజల తరఫున ప్రభుత్వం వాటికి ధర్మకర్త మాత్రమే. ఆ తీర్పుకు రెండేళ్లు నిండకముందే ధర్మకర్త శివనాథ్‌ను కాగితం మీద పెట్టి సంతకం చేశాడు.

2000 నవంబరు 1న ఛత్తీస్‌గఢ్ రాష్ట్రం పుట్టింది. కొత్త రాష్ట్రానికి పాత ఒప్పందం వారసత్వంగా వచ్చింది. నదీ ఘాటీ మోర్చా, ఛత్తీస్‌గఢ్ ముక్తి మోర్చా వంటి సంస్థలు ఆందోళనకు దిగాయి. 2003లో అజిత్ జోగి ప్రభుత్వం ఒప్పందాన్ని రద్దు చేస్తామని ప్రకటించింది. రద్దు కాలేదు. పరిహారం చెల్లించవలసి వస్తుందన్న భయం ఒక కారణం. ఆ ఏడాది చివర ఎన్నికల్లో అధికారం బీజేపీకి మారింది, ఒప్పందం మారలేదు. 2007లో శాసనసభ ప్రజా పద్దుల సంఘం ఈ వ్యవహారాన్ని తప్పుబట్టి, ఒప్పందాన్ని రద్దు చేయాలని, బాధ్యులపై చర్యలు తీసుకోవాలని సిఫారసు చేసింది. కాంగ్రెస్ ప్రభుత్వ హయాంలో సంతకం, బీజేపీ హయాంలో కొనసాగింపు. ఒకరినొకరు నిందించుకోవడానికి ఇద్దరికీ సరిపడా సరుకుంది గనుకనే ఇద్దరూ గట్టిగా నిందించుకోలేదు.

పద్దుల సంఘం నివేదిక విలువైనదే. కాని అదీ ప్రధానంగా ఖజానా వైపు నుంచే చూసింది. ప్రభుత్వం ఎంత చెల్లించింది, ఏ నియమం తప్పింది అన్నవే అక్కడి ప్రశ్నలు. వల ఇంటి చూరుకు వేలాడదీసిన మనిషి ఎంత పోగొట్టుకున్నాడో లెక్క కట్టాలంటే ముందు అతడు ఎంత సంపాదించేవాడో ఎక్కడో రాసి ఉండాలి. రాసి లేదు. అందుకే పరిహారపు చర్చ వచ్చినప్పుడల్లా అది కంపెనీకి ఇవ్వవలసిన పరిహారమే అయింది.

తెలుగు పాఠకుడు దీన్ని దూరపు కథ అనుకోనక్కరలేదు. 1970లలో కొల్లేటిలో జాలరుల కోసమే సహకార సంఘాలు పెట్టి చేపల చెరువులు ఇచ్చారు. పెట్టుబడి లేని సభ్యుడి పేరు కాగితం మీద, చెరువు డబ్బున్నవాడి చేతిలో మిగిలాయి. 1999లో అభయారణ్యంగా ప్రకటించి 2006లో గట్లు పగలగొట్టినప్పుడు మళ్లీ దెబ్బతిన్నవారిలో ఆ పేదలున్నారు. కైకలూరు, ఆకివీడు చెరువుల బొచ్చె, శీలావతి ఐసు పెట్టెల్లో లారీలెక్కి తూర్పు, ఉత్తరాది మార్కెట్లకు పోతాయి. మేత వేసి పెంచిన ఆ చేపతో గంపలోని ఏటి చేప ధర విషయంలో పోటీ పడలేదు. ఒకచోట చిన్న జాలరి చేతినుంచి జారిపోయిన చెరువు, మరోచోట చిన్న జాలరి బేరాన్ని దెబ్బకొడుతోంది.

ఇప్పటి ఛత్తీస్‌గఢ్ రాజకీయం వరి మద్దతు ధర చుట్టూ తిరుగుతుంది. 2018లో క్వింటాలుకు 2,500 రూపాయల హామీ కాంగ్రెస్‌ను గెలిపించింది. 2023లో 3,100 రూపాయలు, ఎకరాకు 21 క్వింటాళ్ల కొనుగోలు హామీ బీజేపీకి కలిసివచ్చింది. రైతు చేతికి డబ్బు రావడాన్ని తప్పుపట్టలేం. అయితే రశీదు ఉన్న పంటకే ధర పెరిగితే రశీదు లేని పంటలు వెనక్కి పోతాయి. ఉతేరా పప్పుకు, ఇసుక తోటకు ఆ స్థాయి హామీ లేదు. 2021లో భూపేశ్ బఘేల్ ప్రభుత్వం మత్స్య పరిశ్రమకు వ్యవసాయ హోదా ఇచ్చింది. వడ్డీలేని రుణం, చౌక విద్యుత్తు ఆ హోదాతో వచ్చే సదుపాయాలు. చెరువు పట్టా ఉన్నవాడికి అవి పనికొస్తాయి. ప్రవహించే నదిలో వల వేసేవాడికి బ్యాంకు అడిగే కాగితం ఏముంటుంది?

సంతకం నాటి నుంచి లెక్కిస్తే శివనాథ్ ఒప్పందపు 22 ఏళ్లు 2020 అక్టోబరుతో నిండాయి. 1998లో తండ్రి పక్కన పడవలో కూర్చున్న పదేళ్ల పిల్లవాడికి అప్పటికి ముప్పై రెండేళ్లు.