రాప్చర్ ఏ కోవది?

2007లో వెలువడిన 'బయోషాక్' వీడియో గేములోని రాప్చర్ నగరాన్ని చాలామంది డీజిల్‌పంక్ అంటారు. అంటే రెండు ప్రపంచ యుద్ధాల నడుమటి యంత్రాలతో ఊహించిన భవిష్యత్తు అన్నమాట. కథాకాలం 1960, అట్లాంటిక్ అడుగున నగర నిర్మాణం మొదలైనది 1946లో. భవనాలు మాత్రం 1930ల న్యూయార్కును తలపించే ఆర్ట్ డెకో శైలివి. ఆ సొగసు చూసి కోవ తేల్చడం, అష్టాదశ వర్ణనలు లెక్కించి ప్రబంధాన్ని తూచడం వంటిదే.

1987లో జీటర్ కొంత హాస్యంగా 'స్టీమ్‌పంక్' అన్నాడు. ఆవిరి, డీజిలు, అణువు అంటూ పేర్లన్నీ ఇంధనం చుట్టూనే తిరిగాయి. రాప్చర్‌కు విద్యుత్తు భూగర్భపు వేడినుంచి వస్తుంది! మరి దాని సంపద ఎక్కడిది? జన్యువులను మార్చే 'ఆడమ్' అనే పదార్థం నుంచి. సముద్రపు నత్తజాతి జీవిని అనాథ బాలికల కడుపులో నాటి, దాన్ని పెంచుతారు. శవాలనుంచి తిరిగి పోగుచేసేదీ ఆ పిల్లలే. అయన్ రాండ్ కీర్తించిన స్వేచ్ఛావిపణిని నగరాధిపతి ర్యాన్ అక్షరాలా అమలుపరచిన ఫలమిది. కనుక నేను దీన్ని బయోపంక్ అంటాను.

'పంక్' అన్న మాటలోని తిరుగుబాటు మాటేమిటి? నగరాన్ని కట్టి నిరుపేదలైన కూలీలను కూడగట్టిన అట్లాస్, మారువేషంలో ఉన్న ఫాంటేన్ అనే దొంగ వర్తకుడు. ఆ తోక దీనికి అతుకుతుందా అన్నదే నాకింకా సందేహం.